ముహూర్తం టైముకి ఫ్లాష్ ఎందుకు వెలగలేదంటే

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన వారం మన జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. పెళ్లిలో జీలకర్ర బెల్లం ఫోటోలు నల్లగా వచ్చాయని అమ్మాయి తరఫు వాళ్లు ఫోటోగ్రాఫర్‌ని నిలదీశారు, డబ్బులు వెనక్కిమ్మన్నారు, చివరికి పెద్దమనుషులు కూర్చుని సర్దారు అని. కింద ఫోటోగ్రాఫర్ నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని ఒక ముక్క కూడా రాశారు. ఆ ఫోటోగ్రాఫర్ ఎవరో నాకు తెలీదండి, ఆ పెళ్లికి నేను వెళ్లలేదు, అక్కడేం జరిగిందో చెప్పలేను. కానీ తణుకులో ఇరవై ఏళ్లకి పైగా స్టూడియో నడుపుతున్నవాడిగా, అచ్చం అలాంటి రాత్రి ఒకటి నేను కూడా పడ్డవాడిగా చెప్తున్నా, ఇలాంటి వాటిల్లో ఎక్కువసార్లు తప్పు నిర్లక్ష్యం దగ్గర ఉండదు, కెమెరా మీద పెట్టే ఆ చిన్న రేడియో ట్రిగ్గర్ సెట్టింగులో ఉంటుంది. ఆ సెట్టింగ్ మా వాళ్లకి తెలుగులో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఫోటో తెలియని పాఠకుల కోసం ముందు రెండు మాటలు. ఫ్లాష్‌ని కెమెరా నెత్తి మీదే పెట్టి కొడితే మొహం చపాతీలా వస్తుంది, ముక్కుకి చెంపకి తేడా ఉండదు, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది, నగలు తెల్లగా పేలిపోతాయి. అదే ఫ్లాష్‌ని స్టాండు మీద పెట్టి గొడుగు తగిలించి పక్క నుంచి కొంచెం పైనుంచి కొడితే మొహానికి గుండ్రం వస్తుంది, కాసుల పేరు మీద ఒక్కొక్క కాసూ విడివిడిగా కనిపిస్తుంది. రీలు రోజుల్లో దీనికి సింక్ కార్డు అని వైరు ఉండేది, కెమెరా నుంచి ఫ్లాష్ దాకా నేల మీద పాకుతూ పోయేది. నేను అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో పాలకొల్లు దగ్గర ఒక పెళ్లిలో ఆ వైరు కాలికి చుట్టుకుని ఒక పెద్దావిడ బోర్లా పడ్డారు, దేవుడి దయవల్ల మోచెయ్యి గీసుకుపోవడంతో పోయింది, ఆ రోజు నుంచి మా గురువుగారు పెళ్లిళ్లలో వైరు ముట్టుకోలేదు. రేడియో ట్రిగ్గర్ వచ్చాక ఆ బాధ తీరింది. కెమెరా మీద ఒక ట్రాన్స్‌మిటర్, ఫ్లాష్ దగ్గర ఒక రిసీవర్, ఇప్పుడైతే చాలా ఫ్లాష్‌ల లోపలే రిసీవర్ వచ్చేస్తోంది, మనం బటన్ నొక్కగానే గాల్లో సిగ్నల్ వెళ్లి ఫ్లాష్ వెలుగుతుంది. మంచి వస్తువే. కానీ వైరు తెగితే కంటికి కనపడుతుంది, సిగ్నల్ తప్పితే కనపడదు, తంటా అంతా అక్కడ.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట నిడదవోలు వైపు ఒక ఫంక్షన్ హాల్లో రాత్రి ముహూర్తం, నాది అబ్బాయి తరఫు ఆర్డర్. అమ్మాయి తరఫు వేరే ఊరి నుంచి ఇంకో టీమ్ వచ్చింది, ఇద్దరు కుర్రాళ్లు, మంచి కెమెరాలు. నావి గోడాక్స్ కంపెనీ టీటీ600 ఫ్లాష్‌లు రెండు, ఒకటి పెళ్లిపీటలకి కుడివైపు స్టాండు మీద గొడుగుతో, ఇంకోటి వెనక నుంచి. సాయంత్రం టెస్ట్ చేసుకున్నా, అన్నీ చక్కగా వెలిగాయి, గౌరీపూజ ఫోటోలు కూడా బాగా వచ్చాయి. తర్వాత హాలు నిండాక మొదలైంది. నేను నొక్కకుండానే నా ఫ్లాష్ వెలుగుతోంది, నొక్కినప్పుడేమో ఒకసారి వెలుగుతోంది ఒకసారి లేదు. సెల్లులు డౌనేమో అనుకుని కొత్త సెట్టు వేశా. మళ్లీ అంతే. పురోహితుడు గారు తొందర పెడుతున్నారు, భజంత్రీల చూపు ఆయన చెయ్యి మీదే ఉంది, గట్టిమేళం మొదలైంది, అబ్బాయీ అమ్మాయీ ఒకళ్ల నెత్తిన ఒకళ్లు జీలకర్ర బెల్లం పెట్టారు, నేను నొక్కా. చీకటి. మళ్లీ నొక్కా, చీకటే. మూడోసారి వెలిగింది కానీ మధుపర్కాలు తెల్లగా కాలిపోయాయి, అంచు ఎరుపు కూడా లేదు. అప్పటికి అక్షింతలు పడిపోయాయి, అమ్మాయి చెయ్యి దించేసింది. ఆ క్షణం మళ్లీ పెట్టించి తీసేది కాదు కదండీ. వీడియో అతని దగ్గర లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి ఆ ఫుటేజ్‌లోంచి ఒక ఫ్రేమ్ తీసి ఆల్బమ్‌లో చిన్నగా వేశాను, ఆ ఇంటివాళ్లు మంచోళ్లు కాబట్టి ఏమీ అనలేదు. కానీ అబ్బాయి అమ్మగారు ఆల్బమ్ తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగి నావైపు ఒకసారి చూశారు, అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

తలంబ్రాలకి ముందు రెండు నిమిషాలు దొరికితే స్టాండు దగ్గరికెళ్లి ఫ్లాష్ వెనక స్క్రీన్ చూశా. నేను ఎనిమిదో వంతు పవర్ పెట్టుకున్నా, అంటే 1/8. స్క్రీన్ మీద 1/1 అని ఉంది, ఫుల్ పవర్. నేను మార్చలేదు, ఎవరూ ముట్టుకోలేదు. అలా చూస్తుండగానే అది దానంతటదే భగ్గుమని వెలిగింది, తలెత్తి చూస్తే అవతల అమ్మాయి తరఫు కుర్రాడు భోజనాల దగ్గర ఎవరికో ఫోటో తీస్తున్నాడు. అప్పుడు బుర్రలో లైటు వెలిగింది. వాళ్లదీ గోడాక్సే, వాళ్లదీ నాలాగే ఒకటో ఛానెలే (ఛానెల్ అంటే సిగ్నల్ వెళ్లే దారి నంబరు), లైట్ల గ్రూపు కూడా నాలాగే ‘ఏ’. అతను నొక్కినప్పుడల్లా అతని ట్రిగ్గరు నా ఫ్లాష్‌కి కూడా ఫుల్ పవర్‌లో వెలుగు అని చెప్తోంది, నాది వెలుగుతోంది. ఫుల్ పవర్ కొట్టాక ఆ ఫ్లాష్ మళ్లీ నిండడానికి మంచి సెల్లులతో కూడా రెండున్నర సెకన్ల దాకా పడుతుంది, సెల్లులు అలిసిపోతే ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆ గ్యాప్‌లో నేను నొక్కితే చీకటి, గ్యాప్ అయ్యాక నొక్కితే పవర్ తారుమారై తెల్లగా. అతని ఫోటోలు కూడా నా ఫ్లాష్ వల్ల పాడయ్యుంటాయి, పాపం అతనికీ తెలీదు. వెళ్లి చెప్తే ముందు నమ్మలేదు, ఇద్దరం స్టాండు దగ్గర నిలబడి అతని చేత టెస్ట్ బటన్ నొక్కించా, నా రెండు ఫ్లాష్‌లూ వెలిగాయి, నోరు తెరిచాడు. నేను పదకొండో ఛానెల్‌కి మారిపోయా. తలంబ్రాల ఫోటోలు ఒక్కటి కూడా పోలేదు.

ఇప్పుడు అసలు సెట్టింగ్ చెప్తాను, మా ఏరియాలో ఎక్కువమంది దగ్గర ఉండేది గోడాక్స్ కాబట్టి దాని మీదే చెప్తున్నా, వేరే కంపెనీవి బటన్ల పేర్లు వేరుగా ఉన్నా లెక్క ఇంచుమించు ఇదే. ముందు ట్రిగ్గర్ ఆఫ్ చేసి ఉంచి హాట్ షూలోకి, అంటే కెమెరా నెత్తి మీద ఫ్లాష్ తగిలించే గాడిలోకి, పూర్తిగా, చివరిదాకా తోసి లాక్ చక్రం బిగించాలి, సగం దూరి ఆగిపోతే కింద కాంటాక్టులు సరిగ్గా తగలవు, ఫ్లాష్ వెలగని కేసుల్లో ఇదొక పెద్ద భాగం. తర్వాత ఫ్లాష్‌ని రేడియో రిసీవర్ మోడ్‌లో పెట్టాలి, వైర్‌లెస్ బటన్ నొక్కుతూ పోతే మాస్టర్ (సిగ్నల్ పంపేది) అనీ స్లేవ్ (సిగ్నల్ విని వెలిగేది) అనీ మారుతుంది, టీటీ600లాంటి వాటిల్లో స్లేవ్‌లోకి వస్తే స్క్రీన్ నారింజ రంగులోకి మారుతుంది, ఆకుపచ్చగా ఉంటే అది ఇంకా స్లేవ్‌లోకి రానట్టు. కుర్రాళ్లు చాలామంది స్టాండు మీది ఫ్లాష్‌ని మాస్టర్‌లో వదిలేసి ట్రిగ్గర్ పాడైపోయిందని షాపుకి తీసుకెళ్తారు, నా దగ్గరికి అలా ముగ్గురు నలుగురు వచ్చారు. ఆ తర్వాత ఛానెల్. ఒకటి నుంచి ముప్పై రెండు దాకా ఉంటాయి, ట్రిగ్గర్లో ఏ నంబరో ఫ్లాష్‌లో కూడా అదే ఉండాలి. ఒకటో నంబరు మీద మాత్రం వదిలేయకండి, అందరూ అక్కడే ఉంటారు. దీనిపైన ఐడి అని ఇంకో తాళం ఉంది, ఒకటి నుంచి తొంభై తొమ్మిది, ఛానెల్ కలిసినా ఐడి కలవకపోతే మీ ఫ్లాష్ పక్కవాడి మాట వినదు. అయితే పాత ఫ్లాష్‌ల్లో ఈ ఐడి ఆప్షన్ ఉండదు, మన దగ్గర పాతవి కొత్తవి కలిసి ఉంటే ట్రిగ్గర్‌లో ఐడి ఆఫ్ పెట్టేసి ఛానెల్ ఒక్కటే నమ్ముకోవాలి, లేకపోతే కొత్తది వెలుగుతుంది పాతది వెలగదు, ఇదేంటని గంట కొట్టుకుంటాం. గ్రూపులు ఏ, బీ, సీ అని ఉంటాయి, ముందు లైటు ఏ, వెనక లైటు బీ అని పెట్టుకుంటే స్టాండు దగ్గరికి పోకుండా కెమెరా దగ్గరే దేని పవర్ దానికి మార్చుకోవచ్చు. అది అయ్యాక టెస్ట్ బటన్ నొక్కి చూసి, తర్వాత షట్టర్ కూడా నొక్కి చూడాలి. రెండూ వేరు, టెస్ట్‌కి వెలిగి షట్టర్‌కి వెలగలేదంటే సిగ్నల్ బాగానే ఉంది, తప్పు హాట్ షూ దగ్గరో కెమెరా సెట్టింగులోనో ఉందని అర్థం. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

సిగ్నల్ గురించి ఇంకో మాట. ఈ ట్రిగ్గర్లు ఎక్కువ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మన దేశంలో 2005 నుంచి తక్కువ పవర్‌తో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, అందుకే వైఫై, బ్లూటూత్, డ్రోన్ రిమోట్లు అన్నీ ఆ గాల్లోనే ఉంటాయి. పాత చవక ట్రిగ్గర్లు 433 మెగాహెర్ట్జ్ మీద ఉండేవి, రెండూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు, అన్న దగ్గర ట్రిగ్గరు తీసుకుని తమ్ముడి ఫ్లాష్‌కి పెడదామంటే కుదరదు. 2.4కి ఒక బలహీనత ఉంది, నీళ్లు దాన్ని మింగేస్తాయి, మనిషి ఒంట్లో ఉండేది ఎక్కువ నీళ్లే కదా. సాయంత్రం ఖాళీ హాల్లో టెస్ట్ చేసినప్పుడు బ్రహ్మాండంగా వెలిగిన ఫ్లాష్ గట్టిమేళం టైముకి అక్షింతలు వెయ్యడానికి జనమంతా పీటల చుట్టూ మూగాక వెలగకపోవడానికి అదొక కారణం, కెమెరాకి ఫ్లాష్‌కి మధ్య యాభై మంది నిలబడ్డారన్నమాట. అందుకని ఫ్లాష్‌ని జనం తలల కంటే పైకి, ఏడెనిమిది అడుగుల ఎత్తున పెట్టండి, ఇనప స్తంభానికో ఎల్ఈడీ వాల్ ఫ్రేముకో ఆనించి పెట్టకండి, రిసీవర్ ఉన్న వైపు కెమెరాకి కనపడేలా తిప్పండి. దూరమే కాదు, మరీ దగ్గరైనా తంటానే. ఫ్లాష్ ట్రిగ్గర్‌కి అరమీటరు లోపల ఉంటే సిగ్నల్ మరీ గట్టిగా తగిలి వెలగకపోవచ్చు, గోడాక్స్ ఎక్స్‌ప్రో ట్రిగ్గర్ మెనూలో డిస్ట్ అని ఉంటుంది, అది 1-100 మీటర్ల మీద ఉంటే 0-30కి మార్చుకోవాలి. ఉంగరాలూ మెట్టెలూ తీసేటప్పుడు ఫ్లాష్‌ని చేత్తో పట్టుకుని కెమెరా పక్కనే పెడతాం చూడండి, అక్కడే ఇది దెబ్బకొడుతుంది.

ఫోటో కింద సగం నల్లటి పట్టీ పడిందని వచ్చేవాళ్లు ఇంకో రకం. వీళ్లకి నేను పెళ్లిలో అడ్డుతెర చూపించి చెప్తాను. కెమెరా షట్టర్‌లో రెండు తెరలుంటాయి, మొదటి తెర తెరుచుకుంటుంది, కాసేపటికి రెండో తెర వెనకాలే వచ్చి మూసేస్తుంది. స్పీడు తక్కువగా ఉంటే రెండు తెరలూ పూర్తిగా పక్కకి తప్పుకుని మొత్తం తెరిచి ఉన్న క్షణం ఒకటి ఉంటుంది, ఫ్లాష్ ఆ క్షణంలో వెలగాలి. స్పీడు పెంచేస్తే మొదటి తెర పూర్తిగా పోకముందే రెండోది బయల్దేరుతుంది, సన్నటి సందు ఒకటి కదులుతూ పోతుంది, ఫ్లాష్ వెలిగిన క్షణంలో తెర అడ్డం ఉన్న భాగం నల్లగా వస్తుంది. పూర్తిగా తెరుచుకునే ఆఖరి స్పీడుని సింక్ స్పీడు అంటారు, నైకాన్ డి750కి 1/200, అంటే సెకనులో రెండు వందో వంతు, డి850కి 1/250, కేనన్ 6డికి 1/180. రేడియో ట్రిగ్గరు కూడా సిగ్నల్ పంపడానికి కాస్త టైము తినేస్తుంది, చవకవైతే ఇంకొంచెం, అందుకే నేను ఏ కెమెరా అయినా 1/160 దాటను. పగలు ఎండలో బయట తీసేటప్పుడు హై స్పీడ్ సింక్ అని ఒకటుంది, అందులో ఫ్లాష్ ఒక్కసారి కాకుండా వరసగా చిన్నచిన్నగా కొడుతూ ఉంటుంది, 1/8000 దాకా పోవచ్చు, కానీ వెలుగు బాగా పడిపోతుంది, సెల్లులు తొందరగా అయిపోతాయి. హాల్లో దాని పని లేదు, పొరపాటున ఆన్‌లో ఉందేమో చూసుకోండి.

లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్నవాళ్లకి రెండు చిక్కులు వస్తున్నాయి. ఒకటి, సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు, మంత్రాలు చదివేటప్పుడు సౌండ్ రాకూడదని సైలెంట్ పెట్టుకుని మర్చిపోతారు. రెండోది, సెట్టింగులు పెట్టాక స్క్రీన్ అంతా చీకటిగా కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా ఫ్లాష్ లేకుండా ఫోటో ఎలా వస్తుందో అది చూపిస్తోంది. దాన్ని ఆపే ఆప్షన్ మెనూలో ఉంటుంది, కేనన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ అంటారు, సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్ అంటారు, ఆఫ్ చేసుకుంటే మామూలుగా కనిపిస్తుంది. ఇంక ట్రిగ్గర్ కొనేటప్పుడు పేరు చివర అక్షరం చూసి కొనండి, సి అంటే కేనన్, ఎన్ అంటే నైకాన్, ఎస్ అంటే సోనీ, ఎఫ్ అంటే ఫ్యూజీ. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఎక్కువ కొనే కేనన్ 3000డి, 200డి రెండో వెర్షన్ ఉన్నాయి చూడండి, వాటి హాట్ షూలో మధ్యలో ఉండే గుండ్రటి కాంటాక్ట్ పాయింటే లేదు, కంపెనీ తీసేసింది. ఆ పాయింట్ మీద నడిచే చవక ట్రిగ్గర్లు వీటి మీద ఎంత నొక్కినా వెలగవు. ఆ కెమెరాతో పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. ఈ సంగతి తెలీక ఒక పిల్లాడు రెండు ట్రిగ్గర్లు మార్చాడు, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడండి, ఆ డబ్బులు ఊరికే పోయాయి.

సెల్లుల సంగతి. ట్రిగ్గర్లో రెండు, ఫ్లాష్‌లో నాలుగు. కిరాణా కొట్లో గోడ గడియారానికి అమ్మే చవక సెల్లులు ఫ్లాష్‌కి పనికిరావు, ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు మంచివి కొనండి, అవి 1.2 వోల్టులే అయినా ఫ్లాష్ అడిగినంత కరెంటు గబగబా ఇస్తాయి, అందుకే తొందరగా నిండుతుంది. నాలుగూ ఒకే సెట్టు ఉండాలి, పాతది ఒకటి కొత్తవి మూడు కలిపితే ఆ పాతది మిగతావాటిని లాగేస్తుంది. నేను సెట్లకి మార్కర్‌తో నంబర్లు వేసుకుంటా. ట్రిగ్గర్ సెల్లులు చాలాకాలం వస్తాయి కదా అని మర్చిపోతాం, అవి డౌన్ అయితే మొత్తం ఆగిపోదు, అప్పుడప్పుడు తప్పుతుంది, అది ఇంకా ప్రమాదం. ఇంకోటి, ఫ్లాష్‌కి నిద్రమోడ్ ఉంటుంది, కాసేపు పని లేకపోతే పడుకుంటుంది. ముహూర్తం లేటై గంట సేపు ఖాళీగా కూర్చున్నామనుకోండి, స్టాండు మీద ఫ్లాష్ నిద్రపోతే అసలు టైముకి లేవదు. ఆ ఆటో ఆఫ్ ముందే తీసేసుకోవాలి, తియ్యలేకపోతే ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు ఒకసారి టెస్ట్ నొక్కాలి.

ట్రిగ్గర్ మొరాయిస్తే ఫ్లాష్‌ని ఎస్1, ఎస్2 అనే కన్ను మోడ్‌లో పెట్టమని కొందరు సలహా ఇస్తారు, అంటే ఎదుట వేరే ఫ్లాష్ వెలిగితే దాన్ని చూసి ఇదీ వెలుగుతుంది. స్టూడియోలో బాగుంటుంది, పెళ్లిలో వద్దండి, ఎవరి ఫ్లాష్ వెలిగినా ఇది వెలుగుతుంది, బంధువుల్లో ఎవరో కెమెరా తెచ్చుకున్నా చాలు.

పవర్ విషయంలో కూడా ఒక లెక్క చెప్పాలి. ఫ్లాష్ ఆరడుగుల దూరంలో ఉన్నప్పుడు 1/16 పవర్ సరిపోయిందనుకోండి, ఎవరో అడ్డమొచ్చారని స్టాండు పన్నెండు అడుగులకి జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది, అప్పుడు పవర్ 1/4కి పెంచాలి. ఇది తెలీక కుర్రాళ్లు ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టుకునే సున్నితత్వం, పెంచుకుంటూ పోతారు, ఫోటో ఇసక చల్లినట్టు అవుతుంది. మధుపర్కాల దగ్గర మాత్రం కాస్త తగ్గించే కొట్టండి, తెల్లబట్ట ఒకసారి కాలిపోతే ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. అబ్బాయి పంచె మడత, అమ్మాయి చీర నేత కనిపిస్తోందా అని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకుని అప్పుడు ముందుకెళ్లండి. స్టాండు కాలి మీద ఇసక సంచి వెయ్యడం మర్చిపోకండి, హాల్లో పిల్లలు పరిగెడుతుంటారు, వైరు పోయింది కానీ స్టాండు పడే ప్రమాదం పోలేదు.

ఇదంతా నేనేదో కనిపెట్టింది కాదండి, చాలావరకు డబ్బాలో ఇచ్చే చిన్న పుస్తకంలో ఉంటుంది. కానీ ఆ పుస్తకం చీమంత అక్షరాల్లో ఇంగ్లీషు, చైనా భాషలో ఉంటుంది. మా ఊళ్లల్లో ఈ పనిలోకి వచ్చేది టెన్తో ఇంటరో అయ్యాక అప్పు చేసి కెమెరా కొనుక్కున్న పిల్లలు, ఇంగ్లీషు రాదని కాదు, ఆ టెక్నికల్ ఇంగ్లీషు తలకెక్కదు. పక్కవాడిని అడిగితే వాడికీ అంతే తెలుసు. షాపులో అడిగితే ఇది చవకది సార్, పెద్దది కొనండి అంటారు. నలభై వేల సామాను కొన్నా అదే ఒకటో ఛానెల్ మీద పెడితే అదే చీకటి వస్తుంది. అందుకని నా మనవి ఒక్కటే, మీరు సేద్యానికి పేజీ వేస్తున్నారు, వంటకి వేస్తున్నారు, ఫోన్ల మీద వారం వారం రాస్తున్నారు, నెలకి ఒక్కసారి మా పనివాళ్ల కోసం అర పేజీ ఇవ్వండి. ఛానెల్ అంటే ఏంటి, సింక్ అంటే ఏంటి, లైటు ఎక్కడ పెట్టాలి, బొమ్మ వేసి మామూలు తెలుగులో. ప్రతి ఏడూ ఆగస్టు 19న ఫోటోగ్రఫీ దినోత్సవం అని మేం దండ వేసి స్వీట్లు పంచే ఫోటో మీరు వేస్తారు, సంతోషం, ఆ రోజు ఆ ఫోటో పక్కన ఈ సెట్టింగులు కూడా వేస్తే కుర్రాళ్లు కత్తిరించి కెమెరా బ్యాగులో పెట్టుకుంటారు.

మా సంఘం వాళ్లని కూడా ఈ ఉత్తరం ద్వారానే అడుగుతున్నా. రెండు టీములు ఒకే హాల్లో ఉన్నప్పుడు సామాను దింపగానే ముందు ఛానెళ్లు చెప్పుకోవాలి అని ఒక అలవాటు పెడదాం. అబ్బాయి తరఫు ఇంత, అమ్మాయి తరఫు ఇంత అని. రెండు నిమిషాల పని. ఇద్దరం ఒకే బతుకుతెరువు మీద ఉన్నాం, అవతలవాడి ఫోటో పోతే మనకి లాభమేమీ లేదు. ఆ వార్తలోని కుర్రాడిని కూడా ఒకసారి ఇది చదవమనండి, అతను నిర్లక్ష్యంగా ఉన్నాడో లేదో నాకు తెలీదు, కానీ అతని ట్రిగ్గర్ ఏ ఛానెల్ మీద ఉందో ఎవరూ అడిగి ఉండరని మాత్రం అనిపిస్తోంది.

నిడదవోలు పెళ్లిలో కలిసిన ఆ కుర్రాడు ఇప్పుడు మంచి ఫోటోగ్రాఫర్ అయ్యాడండి, సీజన్‌లో ఒకే హాల్లో పడ్డామంటే ముందురోజే ఫోన్ చేస్తాడు, అన్నయ్యా నేను ఇరవై మీద ఉంటా, మీరు పదకొండేనా అని. నా ఫ్లాష్ స్టాండ్లకి తెల్ల ప్లాస్టర్ అంటించి దాని మీద 11 అని రాసి ఉంచుతా, వచ్చినవాళ్లు అడక్కుండానే కనపడాలని. ఆదివారం పొద్దున్న పది లోపు నేను స్టూడియోలో ఖాళీగానే ఉంటా, ఎవరైనా నేర్చుకునే పిల్లలు వాళ్ల ఫ్లాష్, ట్రిగ్గర్, సెల్లులు తెచ్చుకుంటే కూర్చోబెట్టి సెట్ చేసి చూపిస్తా, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.

ఇట్లు
ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా